కొట్టం మీది గంట

ఐజాక్ టైసన్‌కి మతి పోయిందని లోయంతా ఒప్పేసుకుంది. డొరీన్ బర్కెట్ కూడా ఒప్పేసుకుని ఉంటే ఆమెకి నిద్ర పట్టేది.

మంగళవారం పొద్దున పోస్టు బండి డెరిక్ ఉత్తరాలు ఆమె చేతిలో పెట్టి, వెళ్లకుండా గేటు మీద మోచెయ్యి ఆనించాడు. అంటే కబురు ఉందన్నమాట. శనివారం పొద్దున కొండ గోడ కింద ఐజాక్‌ని చూసింది ఇతనే. కుక్క అరుపు విని పైకి ఎక్కితే, ముసలాయన గొర్రెల మధ్య గొర్రెలాగా ముడుచుకుని పడి ఉన్నాడు, కాలు విరిగి, మీసాల మీద మంచు పేరుకుని. గొర్రెలు రాత్రిపూట ఆ గోడ వారనే పడుకుంటాయి కాబట్టి, వాటి వెచ్చదనానికి ప్రాణం నిలిచింది.

"కాలికి కడ్డీ వేశారట. మంచుకి చచ్చిన రెండు కాలివేళ్లు తీసేస్తారట," అన్నాడు డెరిక్. "అది సరే, అవి లేకపోయినా నడుస్తాడు. బుర్ర సంగతే బాగాలేదు. చీకటి పడ్డాక కొండెందుకు ఎక్కావయ్యా అని డాక్టరు అడిగితే ఏమన్నాడో తెలుసా?"

"నాకెందుకు చెప్తావు?"

"నీ పేరే చెప్పాడు మరి! 'డొరీన్ ఫోను మోగించలేదు, చూసొద్దామని వెళ్లాను' అన్నాడట. నాకైతే నవ్వాగలేదు. మీరిద్దరూ ఎదురుపడితే గొర్రెలు కూడా దారి తప్పుకుంటాయి కదా! పాపం ఆ జూడిత్, అతని తమ్ముడి కూతురు, కూర్చుని బిల్లులన్నీ తిరగేసింది. ఏడాది మొత్తం మీద ఈ ఇంటికి ఒక్కటంటే ఒక్క కాల్ లేదు. గురువారం అందరూ కూర్చుని తేలుస్తారట, వృద్ధాశ్రమానికే పంపుతారు. మందని అమ్మేస్తారు. నువ్వు కొనుక్కో, పొరుగుదానివి."

"నీ పని నువ్వు చూసుకో డెరిక్."

బండి వెళ్లిపోయాక కూడా ఆమె గేటు దగ్గరే నిలబడింది. ఐజాక్ చెప్పింది అబద్ధం కాదు. ఫోను మోగించలేదన్నది నిజం. అయితే ముందు ఆపింది తను కాదు, అతను. ముందు ఆపినవాడు తర్వాత ఎందుకు వెతుక్కుంటూ వస్తాడు? అక్కడే ఆమెకి లెక్క తెగడం లేదు.

లోయలో ఇప్పటికీ సెల్‌ఫోను పనిచేయదు. కొండ మీదికి ఒంటరిగా వెళ్లిన మనిషి దిగొచ్చాడో లేదో తెలియడానికి వాళ్ల తాతల నాటి నుంచి ఒకటే పద్ధతి. దిగినవాడు ఇంటికి రాగానే పొరుగింటికి ఫోను చేస్తాడు. మూడుసార్లు మోగనిచ్చి పెట్టేస్తాడు. అవతలివాళ్లు ఎత్తరు. ఎత్తితే డబ్బు, ఎత్తకపోతే ఊరికే. అవతలివాళ్లు కూడా దిగాక మూడుసార్లు మోగిస్తారు. చీకటి పడినా మోగకపోతే లాంతరు పట్టుకుని బయల్దేరాలి. పదకొండేళ్ల కిందట ఒక పొట్టేలు దగ్గర ఐజాక్‌కీ డొరీన్‌కీ మాటపట్టింపు వచ్చింది. అతను మంచిదని అమ్మిన పొట్టేలు ఆ ఏడు ఒక్క పిల్లని కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత మాటలు పోయాయి, పలకరింపులు పోయాయి, చర్చిలో పక్కపక్క బల్లలు పోయాయి. మూడు మోతలు మాత్రం ఒక్కరోజు కూడా పోలేదు.

పోయింది మొన్న అక్టోబరు ఆఖర్లో. డొరీన్ రోజూ నాలుగింటికి కొండ దిగి, ముందు గదిలో ఉన్న ఫోను నుంచి ఐజాక్ ఇంటికి మూడుసార్లు మోగించి, ఆవులకి మేత వేయడానికి కొట్టంలోకి వెళ్తుంది. కొట్టం గోడకి పెద్ద గంట ఉంది. ఇంట్లో ఫోను మోగితే ఆ గంట కూడా మోగుతుంది, పెరట్లో పని చేసుకునేవాళ్లకి వినబడాలని ఆమె మామగారు పెట్టించింది. ఐజాక్ జవాబు ఎప్పుడూ ఆమె చేతిలో గడ్డి కట్ట ఉండగానే వస్తుంది. అది వస్తే ఆవులు కూడా తలెత్తేవి. అలాంటిది ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వారమే సంతలో ఎండుగడ్డి వేలంలో ఆమె అతని మీద పాట పెంచి, కట్టలన్నీ ఎత్తుకొచ్చింది. ఓహో, దానికా ఈ కక్ష అనుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. తొమ్మిది రోజులు తను మోగిస్తూనే ఉంది. పదోరోజు, నాకేం పట్టింది అని మానేసింది.

ఇక శుక్రవారం. ఆ రోజుని ఆమె ఎన్నిసార్లు పక్కకి నెట్టినా వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. సాయంత్రం అయిదు దాటాక వంటింటి కిటికీలోంచి కొండ మీద ఒక వెలుగు కనబడింది. గోడ వెంట మెల్లగా కదిలి, ఆగింది. ఆ మధ్య నాలుగైదుసార్లు అలాంటి వెలుగు చూసి, నక్కల్ని కొట్టేవాళ్లని సరిపెట్టుకుంది. ఆ రోజు మాత్రం అది తన కిటికీకేసే చూస్తున్నట్టనిపించింది. ఒళ్లు మండి, లేచి, పరదా బర్రున లాగేసింది. కాసేపటికి ఈల వినబడింది. సన్నగా, రెండుసార్లు, కాపరి కుక్కని పిలిచే ఈల. పొగగొట్టంలో గాలి అనుకుంది. అనుకుని, టీకి నీళ్లు పెట్టుకుంది.

ఇప్పుడు రోజూ అయిదింటికి ఆ ఈల వినబడుతోంది. లేదని తెలుసు. అయినా వినబడుతోంది.

డెరిక్ ఇచ్చిన ఉత్తరాల్లో ఫోను కంపెనీ బిల్లు ఉంది. ఇంటర్నెట్టూ ల్యాండ్‌లైనూ కలిపి ఒకే మొత్తం. కింద సన్న అక్షరాల్లో, ఫోనుకి ఇంత అని. మోగని ఫోనుకి, మోగించని ఫోనుకి నెలనెలా కప్పమా? అసలు డబ్బు కన్నా ఆ ఫోను ముఖం చూడటమే ఆమెకి కష్టంగా ఉంది. తీసి పారేయించాలనుకుంది.

కంపెనీవాళ్లు సంగీతం వినిపిస్తూ నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆమె రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, గొర్రెల గిట్టలు చెక్కే కత్తిని నూనె రాయి మీద నూరుతూ కూర్చుంది. అంచు బొటనవేలి గోరు మీద జారకుండా నిలిచేదాకా నూరాక, అవతల నదీమ్ అనే కుర్రాడు పలికాడు.

"మేడమ్, ల్యాండ్‌లైన్ తీసేసినా మీకు కలిసొచ్చేది లేదండి. అది ప్యాకేజీలోనే ఉంది. విడిగా తీయిస్తే నెలకి ఇంకో ఆరు పౌండ్లు పెరుగుతుంది."

"తీసేస్తే పెరుగుతుందా?"

"ఒప్పందం అలా ఉందండి. ఇంకా పంతొమ్మిది నెలలు."

"మా సంతలో ఎవడైనా, కుంటి గొర్రెతో కలిపి కొంటే ఒక ధర, కుంటిది వదిలేస్తే ఎక్కువ ధర అంటే, తన్ని పంపిస్తాం బాబూ."

నదీమ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నేనూ ఇక్కడ జీతగాణ్ణే మేడమ్. అయినా వాడటం లేదంటారేంటి? మీకు రోజూ కాల్స్ వస్తున్నాయి కదా!"

డొరీన్ చేతిలో కత్తి ఆగింది. "ఎవరు చేస్తున్నారు?"

"ఒకటే నంబరండి. రోజూ నాలుగున్నరకీ అయిదుకీ మధ్యలో. ఎత్తలేదు, ఎత్తలేదు, ఎత్తలేదు అని ఉంది. పది సెకన్లు, పదకొండు సెకన్లు. ఎవరో మిస్డ్ కాల్ ఇస్తున్నారు." అతను నంబరు చదివాడు. అది ఐజాక్ నంబరు.

"ఎప్పటి నుంచి?"

"మీ లైను డిజిటల్‌కి మారింది అక్టోబరు ముప్పైన. ఆ రోజు నుంచీ ఉంది. అంతకుముందువి మాకు తెలియవు, పాత లైన్లో ఎత్తని కాల్స్ ఎక్కడా పడవు."

"ఆఖరిది ఎప్పుడు?"

"మొన్న శుక్రవారం. నాలుగూ నలభై రెండు."

ఆమె కత్తిని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "నాకు వినబడలేదు," అంది. "నేను కొట్టంలో ఉంటాను. కొట్టం మీద గంట ఉంది. అది మోగలేదు."

"పాత తీగలకి తగిలించిన గంటలేవీ ఇక మోగవు మేడమ్. ఇప్పుడు ఫోను మీకు వచ్చిన ఆ కొత్త ఇంటర్నెట్ డబ్బా వెనకాలే గుచ్చాలి, దానికొక్కదానికే లైను వస్తుంది. మేం పంపిన పుస్తకంలో ఉందండి. పదకొండో పేజీ."

డబ్బాతోపాటు ఒక పుస్తకం వచ్చిన మాట నిజమే. ముందు గదిలో ఫోను డబ్బా వెనక గుచ్చింది, మోగింది, అయిపోయిందనుకుంది. ఆ పుస్తకాన్ని బూట్ల కింద పరిచింది.

"ఇంటికి డబ్బా పంపినవాళ్లు, కొట్టానికి గంట ఉందా అని ఒక్క మాట అడగొచ్చు కదయ్యా."

"అడగాల్సింది మేడమ్," అన్నాడు నదీమ్. ఈసారి కంపెనీ గొంతుతో కాదు. "ఫిర్యాదు రాసుకుంటాను."

"ఫిర్యాదు అలా ఉంచు. ఆ తేదీలూ టైములూ నాకు చదివిపెట్టు. అన్నీ."

బిల్లు వచ్చిన కవరు వెనక పెన్సిలుతో రాసుకుంది. ముప్పై, నాలుగూ ముప్పైఎనిమిది. ముప్పైఒకటి, నాలుగూ నలభై. అతను తొందరపెట్టకుండా ఒక్కొక్కటీ చదివాడు. ఎనిమిదో తేదీ, అంటే తను మోగించడం మానేసిన రోజు, అప్పుడు కూడా ఉంది.

"తొమ్మిదో తేదీది మాత్రం పొడుగ్గా ఉందండి. నలభై సెకన్ల పైన. మెసేజీ పెట్టమని మా మిషను గొంతు వచ్చాక పెట్టేశారు. తర్వాత మళ్లీ పది సెకన్లే, ఆఖరిదాకా."

అంటే ఆ ఒక్కరోజు అతను మాట్లాడదామనే చేశాడు. పదకొండేళ్ల పంతం మింగి, ఆమె ఎత్తేదాకా చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఎత్తింది మిషను.

ఫోను పెట్టేసి, డొరీన్ కొట్టంలోకి వెళ్లింది. నిచ్చెన వేసుకుని ఎక్కి, గంటని దగ్గరగా చూసింది. తీగ బాగానే ఉంది, ఎక్కడా తెగలేదు, ఎలుక కొట్టలేదు. లోపలి నాలుకని వేలితో లాగి వదిలింది. ఠంగుమంది. ఆవులు నాలుగూ ఒక్కసారి తలెత్తి, మేత వేసే సమయమైందా అన్నట్టు ఆమెకేసి చూశాయి. నిచ్చెన మీదే నుదురు గోడకి ఆనించి ఏడ్చింది. చూసేందుకు ఆవులే కదా ఉన్నవి.

బుధవారం ఆమె ఐజాక్ ఇంటికి నడిచి వెళ్లింది. దారి అరమైలు కూడా లేదు. వాగు దాటితే దేవదారు తోట, తోట దాటితే అతని ఇల్లు. ఆ తోట అడ్డం ఉండబట్టే ఒకరి ఇల్లు ఒకరికి కనబడదు. పైన కొండ గోడ దాకా ఎక్కితే తప్ప, ఆమె వంటింటి దీపం అతనికి కనబడే వీలు లేదు.

జూడిత్ వంటగదిలో అట్టపెట్టెలు సర్దుతోంది. యాభైఏళ్ల మనిషి, కెండల్ పట్నంలో బడిపిల్లలకి వండిపెట్టే ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది. కళ్ల కింద నల్లటి చారలు. ఐజాక్ ముసలి కుక్క నెల్ పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని ఉంది. సగం చెవుడు దానికి, డొరీన్ దగ్గరికి వచ్చేదాకా లేవలేదు. లేచాక మాత్రం ఆమె చేతిని వాసన చూసి, తోక రెండుసార్లు ఆడించింది.

"టీ పెట్టనా డొరీన్ గారూ?" అంది జూడిత్, ఆశ్చర్యం దాచుకోకుండానే. "మీరు ఈ గడప తొక్కుతారని అనుకోలేదు."

"నేనూ అనుకోలేదు. మీ పెదనాన్నకి మతి పోలేదమ్మా."

ఆమె చెప్పింది. మూడు మోతల సంగతి, కొట్టం గంట సంగతి. జూడిత్ ఓపికగా విన్నది, కాని ఓపికకీ నమ్మకానికీ చాలా దూరం.

"బిల్లులన్నీ చూశానండి. మీ నంబరు ఒక్కచోట కూడా లేదు."

"ఎత్తితే కదా బిల్లు! ఎత్తకపోవడమే మా పద్ధతి. బిల్లులో పడకూడదనే కదా ఆ తెలివంతా."

"మాటల్లేవంటారు, మళ్లీ రోజూ ఫోను అంటారు."

"మాటల్లేకపోతే? మనిషి చచ్చిపోయినా ఫర్వాలేదా?"

డొరీన్ కళ్లు గోడ మీది ఫోను వైపు వెళ్లాయి. పక్కనే దాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. దాని కింద బల్ల మీద టార్చి లైటు బ్యాటరీలు, నాలుగు వాడేసినవి, రెండు కొత్తవి. నవంబరు పేజీలో మొదటి గడి నుంచి పెన్నుతో చిన్న టిక్కులు ఉన్నాయి. ఏడో తేదీతో ఆగిపోయాయి. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ.

"మందులు వేసుకున్న గుర్తులనుకున్నాను," అంది జూడిత్. "ఏడో తేదీ తర్వాత మర్చిపోయాడు, అందుకే ఇలా అయ్యాడని డాక్టరుకి కూడా చెప్పాను."

డొరీన్ అక్టోబరు పేజీ ఎత్తింది. టిక్కు, టిక్కు, టిక్కు. సెప్టెంబరు. ఆగస్టు. ఏ గడీ వదల్లేదు. "ఇవి నేను మోగించిన రోజులు," అంది.

జూడిత్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కవరు వెనక పెన్సిలు రాతనీ క్యాలెండరునీ మార్చి మార్చి చూసింది. "మరి ఎనిమిదో తేదీ నుంచి మీరెందుకు ఆపారు?" అని అడిగింది.

"అది రేపు చెప్తాను. అతని ముందే."

బయల్దేరుతుంటే జూడిత్ ఒక ఉత్తరం చూపించింది. జనవరిలో ఐజాక్ లైను కూడా డిజిటల్ చేస్తున్నామని, డబ్బా పోస్టులో వస్తుందని కంపెనీవాళ్లు రాశారు. డొరీన్ దాన్ని చదివి, మడిచి, తన కోటు జేబులో పెట్టుకుంది. నెల్‌ని కూడా తనే తోలుకొచ్చింది. జూడిత్ ఆ సాయంత్రం కెండల్ వెళ్లిపోయింది, కుక్కకి మాత్రం తిండి ఎవరు పెడతారు?

గురువారం ఆసుపత్రిలో ఐజాక్ మంచం చుట్టూ నాలుగు కుర్చీలు వేశారు. నర్సు, సంక్షేమ శాఖ నుంచి వచ్చిన ఒకావిడ, జూడిత్, డొరీన్. ఐజాక్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చర్చి బల్లలకి అటు చివరా ఇటు చివరా కూర్చుని చూసుకున్న పదకొండేళ్లలో అతను ఇంత చిక్కిపోయాడని ఆమె గమనించలేదు. ఆసుపత్రి గౌనులో మెడ కోడిమెడలా ఉంది. ఆమెని చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

సంక్షేమం ఆవిడ కవరు తీసుకుని కళ్లద్దాలు సవరించుకుంది. తేదీలు చదివింది, క్యాలెండరు పేజీలు చూసింది. చదువుతున్న కొద్దీ ఆమె పెన్ను రాయడం మానేసింది. "అయితే ఈయన చెప్పింది నిజమన్నమాట," అంది చివరికి. "మిసెస్ బర్కెట్, మీరు ఎనిమిదో తేదీ నుంచి ఎందుకు మోగించలేదో చెప్పగలరా? ఏమైనా ఇబ్బందా?"

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె జవాబుని పోత పోసుకుంటూనే వచ్చింది. కంపెనీ తప్పు, గంట తప్పు, పదకొండో పేజీ తప్పు. అన్నీ నిజాలే.

"పంతం," అంది. "గంట మోగకపోతే, గంట పాడైందేమోనని నాకు తట్టలేదు. ఈ మనిషి మారిపోయాడని తట్టింది. తట్టినదాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆయన మానలేదు, నేను మానేశాను. మతి తప్పింది ఎవరికో మీరే రాసుకోండి."

నర్సు తల వంచుకుని దుప్పటి అంచు సరిచేసింది. సంక్షేమం ఆవిడ కాగితాలు మూసి, వృద్ధాశ్రమం సంగతి ఇక లేదని, కాలు నయమయ్యాక ఇంటికే పంపుతామని, వారానికి రెండుసార్లు మనిషి వచ్చి చూసిపోతారని చెప్పింది. జూడిత్ ఆమె వెంట సంతకాలు పెట్టడానికి బయటికి వెళ్లింది.

నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్లింది, ఇద్దరే మిగిలారు. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక డొరీన్ కుర్చీని అంగుళం ముందుకి జరిపింది, మళ్లీ వెనక్కి జరిపింది.

"నా మంద ఎవరు చూస్తున్నారు?" అన్నాడు ఐజాక్, కిటికీకేసి చూస్తూనే.

"నేనే. పొద్దున ఎక్కొచ్చాను. రెండు కుంటుతున్నాయి, గిట్టలు చెక్కాను."

"ఎక్కువ చెక్కి ఉంటావు. నీ చెయ్యి అసలే మోటు."

"నోరు మాత్రం విరగలేదన్నమాట."

అతని మీసాలు కొంచెం కదిలాయి. ఆమెకి ధైర్యం వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"ఐజాక్, శుక్రవారం నీ లైటు నేను చూశాను. పరదా వేసింది నేనే. చూసి, వేశాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చూశాను, వెయ్యడం. రోజూ ఆ గోడ దాకా ఎక్కేవాణ్ణి. నీ దీపం కనబడితే కాసేపు నిలబడేవాణ్ణి. దీపం ఆర్పకుండానే కొండెక్కిపోయే మనుషులూ ఉంటారు కదా, అందుకని నీ నీడ ఎక్కడైనా కదిలేదాకా చూసేవాణ్ణి. శుక్రవారం పరదా పడింది. పరదా దానంతటది పడదు కదా. మనిషి ఇంట్లోనే ఉంది, చాల్లే అనుకుని వెనక్కి తిరిగాను. తిరిగినప్పుడే కాలు జారింది."

అతను మొదటిసారి ఆమె వైపు తల తిప్పాడు.

"ఈల వేశాను ఒకటి రెండుసార్లు. నీకు వినబడి ఉండదులే, గాలి నీ వైపు నుంచి వీస్తోంది."

డొరీన్ పెదాలు విడివడ్డాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో జూడిత్ మూడు కప్పుల టీ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది, చక్కెర ఎంత అని అడిగింది. ఆమె రెండు చెంచాలంది. మామూలుగా ఆమె చక్కెర వేసుకోదు.

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అతను, "ఆ పొట్టేలు మాత్రం మంచిదే డొరీన్. నీ గొర్రెల్లోనే ఏదో ఉంది," అన్నాడు. నర్సు పకపకా నవ్వింది. డొరీన్ కూడా నవ్వింది, తలుపు దాటేదాకా.

బస్సు దిగి, ఆమె ఇంటికి వెళ్లకుండా తిన్నగా కొండెక్కింది. తన మందని, అతని మందని చూసుకుని, ఐజాక్ పడిన చోటు పక్కనుంచే దిగింది. గడ్డి అక్కడ ఇంకా అణిగే ఉంది. ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. పొయ్యి రాజేసింది. నెల్ వచ్చి పొయ్యి ముందు పడుకుంది. వంటింటి పరదా కొక్కేల నుంచి ఊడదీసి, మడిచి, బీరువాలో అడుగున పెట్టింది.

తర్వాత ముందు గదిలోకి వెళ్లింది. దిగొచ్చిన మనిషి మోగించాలి. అవతల ఎత్తేవాళ్లు లేరు, ఎత్తకూడనివాళ్లు కూడా లేరు, అయినా మోగించాలి. అతని ఇంట్లో లైను ఇంకా పాతదే. అతని పెరట్లో కూడా తన కొట్టం మీది గంటలాంటిదే ఉంది, రెండూ ఒకే రోజున పెట్టించినవి. ఇన్నేళ్లూ మోగించగానే పెట్టేసి, పశువుల దగ్గరికి పరుగెత్తడమే కాని, అవతల అది ఎలా మోగుతుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఏం తోచిందో, కిటికీ పైకి తోసి తెరిచింది. చల్లటి గాలి కూడా లోపలికి రాలేదు. శుక్రవారంలాగే గాలన్నది లేదు, పొగగొట్టంలో ఈల వేసేదీ లేదు, ఐజాక్ చెప్పినదీ లేదు. బయట ఆమె ఇంటి పొగ నిట్టనిలువుగా లేస్తోంది.

నంబరు నొక్కింది.

దేవదారు తోట అవతల నుంచి, వాగు మీదుగా, ఐజాక్ ఖాళీ పెరట్లో గంట మోగింది. పక్కింట్లో మోగినంత స్పష్టంగా. ఒకటి. వంటింట్లో గోళ్ల చప్పుడైంది. రెండు. సగం చెవుడున్న నెల్ లేచి, కుంటుకుంటూ వచ్చి, కిటికీ కింద నిలబడి చెవులు రిక్కించింది. మూడు. డొరీన్ ఫోను పెట్టేసింది. కుక్క ఇంకా అటువైపే చూస్తోంది, ఎవరో పిలిచారన్నట్టు.

కొట్టంలో ఆవులు మేత కోసం అరుస్తున్నాయి. రేపు పదింటి బస్సుకి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. ఈల వినబడిందని అతనికి చెప్పాలి. ఆమె కిటికీ మూయకుండానే కొట్టంలోకి వెళ్లి, మొదటి గడ్డి కట్ట విప్పింది.